డిస్ట్రాయర్ ఓడకు కెప్టెన్‌గిరీ: మార్కాపురం వారికి మేలైన చిట్కాలు

మార్కాపురానికి సముద్రం లేదు. ఇది పెద్ద లోటని ఇన్నాళ్లూ ఎవరో మిమ్మల్ని నమ్మించారు. యుద్ధనౌకకు కెప్టెన్ కావడానికి ఇంతకు మించిన అర్హత ఇంకోటి లేదు. సముద్రం పక్కన పుట్టినవాడికి దాని భయమూ తెలుసు, మర్యాదా తెలుసు. వాడు తాళ్లు లాగి చూస్తాడు, మబ్బు వంక చూస్తాడు, బొగ్గు లెక్క రాసుకుంటాడు. అలాంటివాడు మనకు పనికిరాడు. కార్తీకమాసంలో కొత్తపట్నం వెళ్లి, మోకాటి లోతు దాకా దిగి, బజ్జీలు తిని తిరిగొచ్చిన అనుభవం మీకుంటే చాలు. కంభం చెరువు కట్ట మీద సాయంకాలం చేతులు వెనక్కి కట్టుకొని నడిచే అలవాటు కూడా ఉంటే నేరుగా అడ్మిరల్ పదవికే దరఖాస్తు పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. డిస్ట్రాయర్ అనగానే అందరూ విశాఖపట్నం వైపు చూపిస్తారు. అటు చూడకండి. అక్కడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని ఒకటుండేది. సోవియట్ వాళ్లు నికొలాయెవ్‌లో కట్టిన ఓడ. 1980 మే 4న జార్జియాలోని పోతి రేవులో మన నౌకాదళంలో చేరింది, 2021 మే 21న విశాఖ డాక్‌యార్డులో చివరిసారి జెండా దించింది. నలభై ఒక్క ఏళ్లు! శ్రీలంక పొమ్మంటే పోయింది, మాల్దీవులు పొమ్మంటే పోయింది. బ్రహ్మోస్ క్షిపణి కొత్తగా తయారైతే పరీక్షలకు ఒళ్లప్పగించింది. (1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథలో వినపడే రాజ్‌పుత్ ఇది కాదు. అది అంతకు ముందుది, బ్రిటిష్ వాళ్లు కట్టింది. అదీ ఇదే బాపతు.) ఇంత చాకిరీ చేసిన ఓడ దగ్గర మనం నేర్చుకునేదేముంటుంది? చెమట తప్ప.

మన గురువులు వేరే ఉన్నారు. 1904లో రష్యాకూ జపానుకూ యుద్ధం వచ్చింది. జారు చక్రవర్తి రెండో నికొలాస్ తన బాల్టిక్ నౌకాదళాన్ని సగం భూగోళం చుట్టి జపాను మీదికి వెళ్లమన్నాడు. ఆ దండులో తొమ్మిది డిస్ట్రాయర్లు చివరిదాకా వెళ్లాయి. వాటిలో బెదోవీ అనే ఓడ మనకు పాఠ్యపుస్తకం. బరువు 350 టన్నులు, వేగం గంటకు 26 నాటికల్ మైళ్లు, 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఒకటి, 47 మిల్లీమీటర్లవి అయిదు, టార్పెడోలు వదిలే గొట్టాలు మూడు. చిన్నదిగా ఉండాలి, వేగంగా ఉరకాలి, శత్రువు టార్పెడో పడవలను తరిమి కొట్టాలి. డిస్ట్రాయర్ పుట్టింది ఇందుకే. ఇందులో ఏ ఒక్కటీ చేయకుండా చరిత్రకెక్కడమే మన లక్ష్యం.

1. నమూనా కొత్తగా గీయించకండి.

1895లో ఇంగ్లండులోని యారో కంపెనీ రష్యాకు సోకొల్ అనే చిన్న డిస్ట్రాయర్ కట్టిచ్చింది. గంటకు 30 నాటికల్ మైళ్లు దాటి పరుగెత్తి ఆనాటికి ప్రపంచంలోకెల్లా వేగమైనదిగా పేరు తెచ్చుకుంది. రష్యా అధికారులు వెంటనే చేయాల్సిన పని చేశారు. అదే బొమ్మ ముందు పెట్టుకొని, ఇరవైకి పైగా అవే కట్టుకుంటూ ఏళ్లు వెళ్లదీశారు. ఈలోగా పక్క దేశాల వాళ్లు పెద్దవి, బలమైనవి కట్టారనుకోండి, అది వాళ్ల తలనొప్పి. పాత ఎస్టిమేటు మీద తేదీ మార్చి కొత్తదిగా పంపడం ఎంత సుఖమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఓడ పొట్టకు వేసే ఉక్కు రేకు ఆ రోజుల్లో దాదాపు మన మార్కాపురం పలకంత మందమే. దీన్ని చూసి దిగులుపడకండి. ఇంకాస్త పలుచన చేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేయండి.

2. వేగం పరీక్ష రోజును పెళ్లిచూపుల రోజుగా జరిపించండి.

డిస్ట్రాయర్ కొనుగోలులో మొత్తం సొమ్ము ఈ ఒక్క రోజు మీదే ఆధారపడి ఉంటుంది. ఒప్పందంలో రాసిన వేగం వస్తే బిల్లు పాసవుతుంది, రాకపోతే కోత పడుతుంది. కాబట్టి ఆ కాలంలో యూరపు ఓడల కంపెనీలన్నీ పాటించిన పద్ధతి మీరూ పాటించండి. ఫిరంగులు ఇంకా బిగించలేదని చెప్పండి. గుళ్లు, తిండి సరుకు, మంచినీళ్లు ఒడ్డునే ఉంచండి. బొగ్గు మాత్రం వేల్స్ నుంచి వచ్చిన మేలురకం ఏరి ఏరి పోయించండి. కొలిమి దగ్గరికి కంపెనీ వస్తాదులను తెప్పించండి. ఓడ గాలిలో తేలిపోతుంది. ఎం-బుక్‌లో అంకె ఎక్కుతుంది. సంతకం అయిపోయాక ఫిరంగులు, గుళ్లు, మనుషులు, సారా పీపాలు ఎక్కించండి. వేగం ఎక్కడికి పోయిందని అడిగేవాడు అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయి ఉంటాడు.

ఈ సంగతిలో ఒక దుర్మార్గపు ఉదాహరణ ఉంది, మీ చెవిన పడకముందే చెప్పేస్తాను. నోవిక్ అనే రష్యన్ డిస్ట్రాయర్. జపానుతో యుద్ధంలో ఓడలు పోయాయని జనం చందాలు వేసుకొని కట్టించుకున్నది. చందాల సొమ్ము! ఇంతకంటే మెత్తటి సొమ్ము ఎక్కడైనా ఉంటుందా? అడిగేవాడెవడు? అయినా ఆ కమిటీ వాళ్లు లెక్క అడిగారు. పుతీలవ్ కర్మాగారంలో 1911లో నీళ్లలోకి దించారు. టర్బైన్లు, బాయిలర్ల పని జర్మనీ వుల్కన్ కంపెనీది. ఒప్పందం గంటకు 36 నాటికల్ మైళ్లు. మొదటి పరీక్షలో కాస్త తగ్గింది, కాస్తే. మనమైతే టీ తాగించి, ఎదురుగాలి అని రాయించి పంపేవాళ్లం. అక్కడి ఇంజినీర్లు సంతకం పెట్టలేదు. కంపెనీ ఆ ఓడను జర్మనీలోని స్టెటిన్‌కు తీసుకుపోయి, తన ఖర్చుతో బాయిలర్లు మార్చి తెచ్చింది. 1913లో అది 37.3 మైళ్ల వేగం అందుకొని ప్రపంచ రికార్డు కొట్టింది. పైగా బొగ్గు మానేసి పూర్తిగా నూనె మీద నడిచిన ఓడ. అంటే బొగ్గు తూకంలో వచ్చే నాలుగు రాళ్లు కూడా పోయినట్టే. ఆ తర్వాత రష్యా కట్టిన డిస్ట్రాయర్లన్నీ దాన్ని చూసి కట్టినవే. విప్లవం వచ్చి పేరు మార్చినా పని చేస్తూనే ఉంది, 1941 ఆగస్టులో తాలిన్ నుంచి జనాన్ని తరలిస్తున్నప్పుడు మందుపాతర తగిలి మునిగేదాకా. అలాంటి ఇంజినీరు మన డివిజన్‌కు వస్తే ఏం చేయాలో మీకు తెలుసు. గట్టి రాజకీయ నాయకుణ్ణి పట్టండి.

3. ఎక్కినంత కాదు, ఎక్కించగలిగినంత ఎక్కించండి.

మళ్లీ జపాను మీదికి బయలుదేరిన బాల్టిక్ దండు దగ్గరికి వద్దాం. దారిలో రేవులు దొరకవేమోనన్న భయంతో దాని అధిపతి అడ్మిరల్ రజెస్త్వెన్‌స్కీ ఓడల్లో బొగ్గు దట్టించాడు. బొగ్గు గదులు నిండాక డెక్కు మీద పోశారు, ఆఫీసర్ల గదుల్లో పోశారు, నడిచే దారుల్లో పోశారు. పెద్ద ఓడలు ఎంత లోతుకు కుంగాయంటే, పక్కల రక్షణకు వేసిన ఉక్కు కవచం నీళ్లలోకి దిగిపోయి, గుండు తగిలే చోట ఉత్త రేకు మిగిలింది. మీరు కూడా ఇలాగే చేయండి. ఓడ ఒక పక్కకు ఒరిగితే సిబ్బందిని రెండో పక్క నిలబెట్టండి.

4. ఓడను నడపకండి, లాగించుకోండి.

ఈ చిట్కా కోసమే ఇంత దూరం వచ్చాను. 1905 మార్చి 16న ఆ దండు మడగాస్కర్ వదిలింది. రేవు ముఖం చూడకుండా హిందూ మహాసముద్రం అడ్డంగా దాటి ఏప్రిల్ 8న సింగపూరు ముందు ప్రత్యక్షమైంది. అంటే మన బంగాళాఖాతం గుమ్మం ముందు నుంచే పోయింది. అప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. మనవాళ్లకు ఈ ఊరేగింపు సంగతి తెలిసి ఉంటే బండ్లు కట్టుకొని వెళ్లి దండం పెట్టుకొని వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆ మహాసముద్రంలో వేగానికి మారుపేరైన డిస్ట్రాయర్లను మోకులు కట్టి సరుకు ఓడలు లాక్కుపోయాయి! ఇంజిన్లు అరిగిపోతాయని, బొగ్గు మిగులుతుందని. మోకులు పుటుక్కున తెగినప్పుడల్లా దండు మొత్తం ఆగి మళ్లీ కట్టుకునేది.

కెప్టెన్‌గా మీరు చేయాల్సిందల్లా ముందు ఓడ వాడితో మంచిగా ఉండటం. మీ ఇంజిన్‌కు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు ఉండేలా చూసుకోండి. పూర్తిగా చెడితే రిపేరుకు పంపుతారు, బాగుంటే పనికి పంపుతారు. ముక్కుతూ మూలుగుతూ ఉన్న ఇంజిన్‌కే లాగుడు యోగం పడుతుంది. మంచం డెక్కు మీద వేయించుకోండి. లాగే ఓడ పొగ కళ్లలో పడకుండా తువ్వాలు కప్పుకోండి.

5. ఇంటికి ఉత్తరాలు రాసేవాణ్ణి ఓడ ఎక్కనివ్వకండి.

ఆ దండులో పొలిటోవ్‌స్కీ అనే ఇంజినీరు ఉండేవాడు. ఏ ఓడకు ఏం విరిగింది, ఏ మోకు తెగింది, ఏ కెప్టెన్ ఎవరిని గుద్దాడు, అన్నీ భార్యకు రాస్తూ పోయాడు. చివరకు జపానుతో జరిగిన సుషిమా యుద్ధంలో అడ్మిరల్ ఓడతో పాటు మునిగిపోయాడు. అప్పటికే ఇల్లు చేరిన ఉత్తరాలు పుస్తకంగా అచ్చయ్యాయి. నూరేళ్ల తర్వాత మార్కాపురంలో కూర్చొని మనం చదువుకుంటున్నాం. ఇంతకంటే పరువు తక్కువ ఇంకేముంది? సిబ్బందిని చేర్చుకునేటప్పుడు దస్తూరీ పరీక్షించండి. చక్కగా రాసేవాణ్ణి ఇంటికి పంపండి.

6. గురి సాధన చేయించకండి.

సాధన చేస్తే గురి లేదని తెలుస్తుంది. సాధన చేయకపోతే గురి ఉందని అనుకోవచ్చు. రెండోది ధైర్యాన్నిస్తుంది. మడగాస్కర్‌లో రెండు నెలలు లంగరు వేసుకొని కూర్చున్నప్పుడు దండుకు సాధనకు సరిపడా గుళ్లే లేవు. నావికులు కోతుల్ని, చిలకల్ని కొని డెక్కు మీద పెంచుకున్నారు. ఒకటి రెండుసార్లు సాధన జరిగింది కూడా. లక్ష్యాన్ని వదిలేసి, ఆ లక్ష్యాన్ని లాగే ఓడను కొట్టారని ఒక కథ. వదిలిన టార్పెడోల్లో ఒకటి గుండ్రంగా తిరిగి సొంత ఓడల మీదికే వచ్చిందని ఇంకో కథ. పుణ్యానికి ఎవరూ పోలేదు. చూశారా, సాధన ఎంత ప్రమాదమో!

7. అనుమానం వస్తే చేపలు పట్టేవాళ్ల మీద కాల్చండి.

ఇది కొంచెం పెద్ద చిట్కా, కూర్చొని చదవండి. 1904 అక్టోబరు 21 రాత్రి. దండు ఇంకా ఇంగ్లండు పక్కనే, ఉత్తర సముద్రంలో ఉంది. జపాను అక్కడికి ఎన్ని వేల మైళ్లో మీరే మ్యాపులో చూసుకోండి. అయినా జపాను టార్పెడో పడవలు పొంచి ఉన్నాయని అందరికీ గట్టి నమ్మకం. కంచత్కా అనే రిపేరు ఓడ వెనకపడిపోయి, మా మీద టార్పెడో పడవలు దాడి చేస్తున్నాయని వైర్‌లెస్ కొట్టింది. రిపేరు ఓడ మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతారు? కాసేపటికి డాగర్ బ్యాంక్ దగ్గర చిన్న చిన్న దీపాలు కనపడ్డాయి. అవి హల్ పట్నం నుంచి వచ్చిన చేపల పడవలు. సెర్చిలైట్ల వెలుగులో పడవల వాళ్లు, మేం చేపలోళ్లం మొర్రో అని చేపలు ఎత్తి చూపించారట. దాన్ని కూడా ఆయుధమే అనుకోవాలి. యుద్ధనౌకలు గుళ్ల వాన కురిపించాయి. క్రేన్ అనే పడవ మునిగింది. ఇద్దరు జాలర్లు అక్కడికక్కడే చచ్చిపోయారు. ఆ వేడిలో సొంత దండులోని అవ్రోరా ఓడను కూడా కొట్టారు. అందులోని మత గురువు ప్రాణం పోయింది.

ఇంగ్లండు యుద్ధానికి లేచినంత పని చేసింది. అప్పుడు ఏం చెప్పాలి? అడ్మిరల్ చెప్పిందే చెప్పండి. శత్రువు అక్కడే ఉన్నాడు, మాకు కనపడ్డాడు, వీళ్లు మధ్యలో అడ్డం వచ్చారు. 1905లో పారిస్‌లో కూర్చున్న విచారణ సంఘానికి అక్కడ జపాను పడవ ఒక్కటీ కనిపించలేదు. అయినా అడ్మిరల్ మీద చర్య లేదు, ఉద్యోగం ఎక్కడిది అక్కడే ఉంది. నష్టపరిహారం 66,000 పౌండ్లు రష్యా ఖజానా కట్టింది. ఈ వాక్యం మళ్లీ చదవండి. ఖజానా కట్టింది, కాల్చినవాడు కట్టలేదు. కాబట్టి కంభం చెరువులో పుట్టి మీద తిరిగే వాళ్లను చూసినా మీరు వెనకాడక్కర్లేదు. పొద్దున్నే పంచనామా రాసేటప్పుడు ‘పొగమంచు’ అనే మాట తప్పకుండా వేయించండి. మే నెలైనా సరే.

8. పెద్దసారు గాయపడితే అది మీ అదృష్టం.

ఇప్పుడు అసలు పాఠం. 1905 మే 27న సుషిమా జలసంధిలో జపాను నౌకాదళం ఈ దండును పట్టుకొని చితకగొట్టింది. రజెస్త్వెన్‌స్కీ ఓడ సువారవ్ మంటల్లో ఉంది, ఆయన తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ తప్పుతోంది.

అప్పుడు బూయ్నీ అనే డిస్ట్రాయర్ కెప్టెన్ కొలొమేయ్‌త్సెవ్ చేసిన పిచ్చిపని వినండి. ఆయన అప్పటికే ఒస్లాబ్య అనే పెద్ద ఓడ మునిగితే 200 మందికి పైగా జనాన్ని నీళ్లలోంచి లాగి ఎక్కించుకున్నాడు. అంత జనంతో, గుళ్లు పడుతుండగా, మండుతున్న సువారవ్ పక్కకు తన రేకు ఓడను ఆనించి, అడ్మిరల్‌ను, ఆయన పరివారాన్ని దించుకొని బయటపడ్డాడు. పరివారంలోని ఆఫీసర్లు ముందుచూపు గలవాళ్లు కాబట్టి శత్రువు కనపడితే ఎత్తడానికి ఒక తెల్ల దుప్పటి సిద్ధం చేశారట. కొలొమేయ్‌త్సెవ్ దాన్ని చించి సముద్రంలో పారేశాడని నావికుల కథనం. దుప్పటి ఖరీదు ఎవరిస్తారు?

మర్నాడు పొద్దున బూయ్నీలో బొగ్గు అడుగంటింది, ఇంజిన్ మొరాయించింది. పరివారం వారు అడ్మిరల్‌ను ఇంకో డిస్ట్రాయర్‌లోకి మార్చాలనుకున్నారు. ఎంచుకున్నది మన బెదోవీని. దాని కెప్టెన్ బరానొవ్. బెదోవీలో వ్లాదివస్తోక్ రేవు చేరేందుకు సరిపడా బొగ్గు ఉంది, ఒంటి మీద గాయం లేదు, ఫిరంగులు బాగున్నాయి. పక్కనే గ్రోజ్నీ అనే ఇంకో డిస్ట్రాయర్ తోడు. ఇన్ని సౌకర్యాలున్నా ఏమీ చేయకుండా ఎలా గెలవాలో ఇప్పుడు చూడండి.

(అ) మధ్యాహ్నం దూరంగా రెండు పొగలు కనపడతాయి. జపాను డిస్ట్రాయర్లు సజనామి, కగెరో. తొందరపడకండి. మిగతా బాయిలర్లు కూడా వెలిగించమని ఎవడైనా అంటే, బొగ్గు పొదుపు గురించి చెప్పండి.

(ఆ) ఏం చేద్దామని గ్రోజ్నీ వాడు అడుగుతాడు. వ్లాదివస్తోక్ పొమ్మని చెప్పండి. సాక్షి తగ్గుతాడు.

(ఇ) తెల్లజెండా ఎత్తండి. పక్కన రెడ్‌క్రాస్ జెండా కూడా ఎత్తండి. ఒకటి పిరికితనమనిపించినా రెండోది దయ అనిపిస్తుంది. ‘తీవ్రంగా గాయపడినవారున్నారు’ అని సంకేతం పంపండి. గాయపడినవారు అంటే ఎవరో, తీవ్రంగా అంటే ఎంతో వివరించనక్కర్లేదు. మనవాళ్లు ఉతికిన తెల్లపంచె ఒకటి ఎప్పుడూ సంచిలో పెట్టుకుంటారు కనుక ఈ విషయంలో మార్కాపురం వారు రష్యా వారికంటే ఒక మెట్టు పైనే ఉన్నారు.

(ఈ) ఒక్క గుండు కూడా కాల్చకండి. కాలిస్తే లెక్క రాయాలి.

బరానొవ్ ఈ నాలుగూ తూచా తప్పకుండా చేశాడు. సజనామి వచ్చి బెదోవీకి మోకు కట్టి ససెబో రేవుకు లాక్కుపోయింది. గమనించారా, వచ్చేటప్పుడూ లాగుడే, పోయేటప్పుడూ లాగుడే. ఇక ఆ గ్రోజ్నీ సంగతి: కగెరో వెంటపడితే తిరగబడి కొట్లాడి, దెబ్బలు తిని, మిగిలిన బొగ్గుతో వ్లాదివస్తోక్ చేరింది. అంత శ్రమపడి ఏం బావుకున్నారు? మళ్లీ డ్యూటీ!

బెదోవీ నష్టపోయిందా? లేదు. జపాను వాళ్లు బాగుచేసి, సత్సుకి అని పేరు పెట్టి ఏళ్ల తరబడి వాడుకున్నారు. మరమ్మతు ఖర్చులు శత్రువు నెత్తిన వేయడం మామూలు బుర్రకు తట్టే పని కాదు.

9. విచారణలో బాధ్యత పంచండి.

1906లో కోర్టు కూర్చుంది. అడ్మిరల్ లేచి, తప్పంతా నాదే, నన్ను శిక్షించండి అన్నాడు. ఇలాంటి పెద్దసారు దొరకడం పూర్వజన్మ సుకృతం. కోర్టు ఆయన స్పృహలో లేడు కనుక నిర్దోషి అంది. కెప్టెన్ బరానొవ్‌కు, పరివారంలోని క్లాపియె ద కొలోంగ్ మొదలైన మరి ముగ్గురికి మరణశిక్ష వేసింది. గుండె పట్టుకోకండి; చక్రవర్తి దాన్ని ఉద్యోగంలోంచి తీసేయడంతో సరిపెట్టాడు. పైకి చూస్తే శిక్ష. లోతుగా చూస్తే, ఇక ఓడ ఎక్కే బాధ లేదు.

మీరు మాత్రం విచారణకు ముందే కాగితాలు సిద్ధం చేసుకోండి. ఆజ్ఞ నోటిమాటగా వచ్చిందనండి. ఇచ్చినాయన స్పృహలో లేడనండి. స్పృహలో లేనివాడు ఆజ్ఞ ఎలా ఇచ్చాడని అడిగితే, ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, సరిగా వినపడలేదనండి.

10. రాత్రిళ్లు ఒడ్డున పడుకోండి.

ఓడలో దోమలుంటాయి. 1914 అక్టోబరు 28 తెల్లవారుజామున పెనాంగ్ రేవులో రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్ నిద్రలో ఉంది. ఇది డిస్ట్రాయర్ కంటే పెద్ద ఓడే, అయినా నేర్చుకునేవాడికి సైజుతో పనిలేదు. సుషిమాలో బతికి బయటపడిన ఓడ కూడా ఇదే, అనుభవం ఉంది. కెప్టెన్ బారన్ చెర్కాసొవ్ ఒడ్డున హోటల్లో భార్య దగ్గర ఉన్నాడు. జాగ్రత్తగా ఉండమని ముందే హెచ్చరించారు. అలాంటివి వినాలి, మర్చిపోవాలి. గుళ్లన్నీ కింద గదుల్లో తాళాల్లో భద్రంగా ఉన్నాయి. ఫిరంగుల దగ్గర డజను గుళ్లు ఉంచారంటారు, అదీ ఎక్కువే.

అప్పుడు జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వచ్చింది. అవును, నెల ముందు సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులు తగలబెట్టి, అప్పటి మన రాజధానిలో జనాన్ని మూటాముల్లెతో పరుగెత్తించిన ఆ ఎండెనే. బ్రిటిష్ ఓడలా కనపడేందుకు ఉత్తుత్తి పొగగొట్టం ఒకటి తగిలించుకొని రేవులోకి దర్జాగా నడిచింది. రెండు టార్పెడోలతో జెమ్‌చుగ్ మునిగిపోయింది. ఎనభై మందికి పైగా నావికులు పోయారు. కెప్టెన్ మాత్రం క్షేమం. ఒడ్డున పడుకోవడం వల్ల కలిగే మేలు ఇదే. తర్వాత మూడున్నరేళ్ల జైలు వేశారు, అక్కడా ఒడ్డే.

ఆ రోజే ఫ్రెంచి డిస్ట్రాయర్ మూస్కే గస్తీ తిరిగి రేవుకు వస్తూ ఎండెన్‌కు ఎదురుపడి కాల్పుల్లో మునిగింది. గస్తీకి పోయినవాళ్లకు ఇలాగే అవుతుంది.

11. ముందు శిలాఫలకం, తర్వాతే సంఘటన.

ఈ విద్య మన పడమటి ప్రకాశానికి కొత్తగా నేర్పక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, సొరంగాల ప్రారంభోత్సవం 2024లో జరిగింది. మధ్యలో ఎన్ని కొబ్బరికాయలు కొట్టారో లెక్కలేదు. అయినా రష్యా వారి దగ్గర ఒక మెలకువ ఉంది.

స్తెరెగుష్చీ అనే డిస్ట్రాయర్ 1904 మార్చి 10న పోర్ట్ ఆర్థర్ బయట జపాను ఓడల మధ్య చిక్కుకొని చివరిదాకా కొట్లాడి మునిగింది. నలుగురే బతికారు. ఇదంతా నిజంగా జరిగింది, కానీ జరిగింది చాలదనిపించింది కొందరికి. ఇద్దరు నావికులు లోపల తలుపు బిగించుకొని, ఓడ శత్రువు చేతికి చిక్కకుండా అడుగు కవాటాలు తెరిచి నీళ్లు వదిలారని పత్రికల్లో కథ పుట్టింది. అది కల్పితమని విచారణలో తేలింది. తేలాక కూడా 1911లో పీటర్స్‌బర్గ్‌లో ఆ ఇద్దరు నావికులు కవాటం తెరుస్తున్నట్టే కంచు విగ్రహం నిలబెట్టారు. నిజంగా చచ్చిపోయిన వాళ్ల పేర్లు అడిగితే ఆ ఊళ్లో ఎంతమంది చెబుతారో మీరే ఊహించుకోండి. కాబట్టి ఓడ ఎక్కకముందే శిల్పికి అడ్వాన్సు ఇచ్చి, మీరు దుర్భిణి పట్టుకున్న భంగిమలో ఒక విగ్రహం చేయించి షెడ్డులో పెట్టించండి.

12. ఎప్పుడూ దగ్గర పెట్టుకోదగిన సాకులు.

కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. బొగ్గు తడిసింది. బొగ్గు మరీ ఎండిపోయింది. సంకేతాల పుస్తకం పాతది. కొత్త పుస్తకం వచ్చింది గాని కట్ట విప్పలేదు. మోకు సర్కారుది. డాక్టరు విశ్రాంతి రాశాడు. ఆ రోజు అమావాస్య, బయలుదేరకూడదని ఇంట్లో వాళ్లన్నారు. ఏదీ కుదరకపోతే, నాకు ముందున్న ఆయన ఛార్జి సరిగా అప్పగించలేదనండి; ఏ నౌకాదళంలోనైనా చెల్లుతుంది.

13. ఎవరితో పోల్చుకోవాలో ముందే తేల్చుకోండి.

తొమ్మిది డిస్ట్రాయర్లలో వ్లాదివస్తోక్ చేరినవి రెండే, గ్రోజ్నీ, బ్రావీ. మీరు మిగతా ఏడింటితో పోల్చుకోండి. ఎప్పుడూ మెజారిటీలో ఉంటారు.

దరఖాస్తులు పెట్టుకునేవారికి చివరి మాట. ఉద్యోగంలో చేరేముందు ఊరు చూద్దామని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లే వాళ్లు కొందరుంటారు. బీచ్ రోడ్డులో ఒడ్డుకు ఎక్కించి పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిలోకి టికెట్టు కొనుక్కొని దిగుతారు. అదీ సోవియట్ వాళ్లు కట్టిందే. 1969 నుంచి 2001 దాకా నీళ్లలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. లోపల తిప్పి చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దలు. ఇరుకు గదిలో ఎంతమంది పడుకునేవారో, స్నానానికి నీళ్లు ఎలా పొదుపు చేసేవారో ఓపిగ్గా చెబుతారు. వినండి, తల ఊపండి. ఈ చిట్కాల కాగితం మాత్రం వాళ్ల ముందు జేబులోంచి తీయకండి. అక్కడ పైకి ఎక్కే నిచ్చెన చాలా నిటారుగా ఉంటుంది, తొందరగా పారిపోవడం కుదరదు.